జేఆర్‌ఎఫ్ రాలేదు, వయసు 31: పీహెచ్‌డీకి డబ్బు ఎక్కడ అడగాలి?

ప్రశ్న: మాది సిరిసిల్ల. పద్మశాలీలం, బీసీ-బి. పెళ్లయింది. హైదరాబాద్‌లో రాష్ట్ర విశ్వవిద్యాలయంలో సోషియాలజీ పీహెచ్‌డీలో చేరి ఎనిమిది నెలలైంది, ఫుల్‌టైమ్. టీజీ సెట్ (రాష్ట్ర లెక్చరర్ అర్హత పరీక్ష) పాసయ్యాను. జాతీయ పరీక్ష నెట్ రెండుసార్లు రాస్తే లెక్చరర్‌షిప్ వచ్చింది గానీ జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) రాలేదు. నా దగ్గరున్నది రాష్ట్ర బీసీ సర్టిఫికెటే కాబట్టి జనరల్ కింద రాశాను. ఇప్పుడు 31 నిండాయి, ఆ దారి మూసుకుపోయింది. గైడ్ గారు ఐసీఎస్‌ఎస్‌ఆర్‌కు (భారత సామాజిక శాస్త్ర పరిశోధనా మండలి) పెట్టమంటున్నారు. నా అంశం ‘సిరిసిల్ల మరమగ్గాల కార్మికుల సామాజిక ఆర్థిక స్థితిగతులు: ఒక అధ్యయనం’. ప్రపోజల్ ఎలా రాయాలి? ఇంకెక్కడైనా అడగొచ్చా?

సమాధానం:

తమ్ముడూ, ప్రపోజల్ సంగతి తరువాత చూద్దాం. ముందు మీ ప్రశ్నలోనే ఉన్న ఒక పొరపాటు సరిచెయ్యాలి. దాని ఖరీదు 24 లక్షలు.

జేఆర్‌ఎఫ్‌కు 30 ఏళ్ల పరిమితి అన్నది జనరల్ అభ్యర్థులకు. ఓబీసీ నాన్-క్రీమీలేయర్, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులు, మహిళలు, ట్రాన్స్‌జెండర్ అభ్యర్థులకు అయిదేళ్ల సడలింపు ఉంది. అంటే మీకు 35 దాకా తలుపు తెరిచే ఉంది. పైగా కటాఫ్‌లు కేటగిరీల వారీగా వేరు. మీరు జనరల్‌లో కూర్చుని, అక్కర్లేని పోటీని నెత్తికెత్తుకున్నారు.

మన రెండు రాష్ట్రాల పిల్లలు ఏటా చేసే తప్పే ఇది. ఇక్కడి బీసీ-ఏ, బీ, సీ, డీ, ఈ అన్న విభజన రాష్ట్రానిది. కేంద్రం దగ్గర ఆ అక్షరాలు లేవు. అక్కడ ఉన్నది ఓబీసీ అన్న ఒకే గంప, దానికి వేరే జాబితా. రాష్ట్ర జాబితాలో ఉన్న ప్రతి కులమూ కేంద్ర జాబితాలో ఉండదు, కాబట్టి ఇది చదివే మిగతావాళ్లు తమ కులం అందులో ఉందో లేదో చూసుకోవాలి. పద్మశాలీలు రెండింటిలోనూ ఉన్నారు. మీకు కావలసింది కేంద్ర నమూనాలో ఓబీసీ నాన్-క్రీమీలేయర్ సర్టిఫికెట్. మీ-సేవలో పెట్టుకుంటే తహసీల్దార్ ఆఫీసు నుంచి వస్తుంది. క్రీమీలేయర్ పరిమితి 2017 నుంచి ఏడాదికి 8 లక్షలు. అందులో చూసేది మీ తల్లిదండ్రుల ఆదాయాన్ని. మీదీ, మీ భార్యదీ కాదు. ‘నేను గెస్ట్ లెక్చరర్‌గా చేశాను కదా, నాకు రాదేమో’ అని దరఖాస్తే పెట్టని కుర్రాళ్లను చూశాను. ఇంకోటి, ఇది ఒకసారి తీసుకుని బీరువాలో దాచుకునే కాగితం కాదు. ఎప్పటికప్పుడు కొత్తగా తీసుకోవాలి.

ఇక ఆ 24 లక్షల లెక్క. 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్ మొదటి రెండేళ్లు నెలకు 37,000, తరువాత మూడేళ్లు ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) 42,000. అయిదేళ్లకు కూడితే సరిగ్గా 24 లక్షలు. హాస్టల్ గది లేకపోతే ఊరిని బట్టి ఇంటద్దె అదనం. సోషల్ సైన్సెస్ వాళ్లకు కంటింజెన్సీ, అంటే పుస్తకాలు, ప్రయాణాల లాంటి ఖర్చుల డబ్బు, మొదటి రెండేళ్లు ఏడాదికి 10,000, ఆ తరువాత 20,500. ఇప్పటికే పీహెచ్‌డీలో చేరినవాళ్లకు నెట్ ఫలితం వచ్చిన తేదీ, చేరిన తేదీ, ఈ రెంటిలో ఏది తరువాతిదైతే అక్కణ్నుంచి ఫెలోషిప్ మొదలవుతుంది. థీసిస్ ఇచ్చిన రోజుతో ఆగిపోతుంది. నెట్ ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది. ఒక విడత వదిలేస్తే ఆర్నెల్లకు 2,22,000 పోయినట్టే. టీజీ సెట్ గానీ ఏపీ సెట్ గానీ ఉద్యోగ అర్హతకే పనికొస్తాయి, వాటిలో ఎంత మంచి మార్కు వచ్చినా ఫెలోషిప్ రాదు.

ఓబీసీ విద్యార్థులకు జాతీయ ఫెలోషిప్ వేరేగా ఉంది, దేశం మొత్తానికి ఏడాదికి 1,000. ఎస్సీలకు 2,000, ఎస్టీలకు 750. ఓబీసీ, ఎస్సీ ఫెలోషిప్‌లు నెట్ మెరిట్ చుట్టూనే తిరుగుతాయి. అందుకే ఈసారి నెట్ బులెటిన్‌ను సిలబస్ దగ్గర ఆపకుండా, ఈ ఫెలోషిప్‌ల గురించి ఏం రాశారో కూడా చదవండి. ఎస్టీ ఫెలోషిప్ మాత్రం పీజీ మార్కుల మీద ఇస్తారు, నెట్ అడగరు. మీకు పనికిరాదు గానీ, మీ డిపార్ట్‌మెంట్‌లో ఆదివాసీ స్కాలర్ ఎవరైనా ఉంటే ఈ ముక్క వాళ్ల చెవిన వెయ్యండి. మైనారిటీలకున్న మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను 2022-23 నుంచి కొత్తవాళ్లకు ఆపేశారు. ఇంట్లో ఒక్కతే ఆడపిల్ల అయిన స్కాలర్లకు యూజీసీ సావిత్రీబాయి జోతీరావ్ ఫూలే పేరుతో ఒక ఫెలోషిప్ ఇస్తుంది. సెంట్రల్ యూనివర్సిటీల్లో నెట్ లేనివాళ్లకు వచ్చే నెలకు 8,000 మీ విశ్వవిద్యాలయంలో ఉండదు. 2015లో దాన్ని ఎత్తేస్తామంటే ఢిల్లీలో పిల్లలు యూజీసీ ముందు బైఠాయించి నిలబెట్టుకున్నారు. నిలబడింది గానీ, అంకె మాత్రం అక్కడే ఉంది. ప్రైమ్ మినిస్టర్ రీసెర్చ్ ఫెలోషిప్ నెలకు 70,000 అని విని ఉంటారు. అది ఐఐటీలు, ఐఐఎస్సీ లాంటి ఎంపిక చేసిన సంస్థల్లో, ముఖ్యంగా సైన్సు, ఇంజనీరింగ్ వాళ్లది. మనం దాటిపోదాం.

ఇప్పుడు మీరు అడిగిన ఐసీఎస్‌ఎస్‌ఆర్. గత కొన్నేళ్ల ప్రకటనల్లో డాక్టోరల్ ఫెలోషిప్ నెలకు 20,000, కంటింజెన్సీ ఏడాదికి 20,000, గడువు రెండేళ్లు. మొత్తం 5,20,000. జేఆర్‌ఎఫ్‌తో పోలిస్తే చిన్నదే. కానీ ఇది పరీక్ష ర్యాంకుకు ఇచ్చేది కాదు, మీరు రాసిన కాగితానికి ఇచ్చేది. అందుకే రెండూ ఒకేసారి మొదలుపెట్టండి. రెండూ వస్తే ఒకటి వదులుకోవాల్సి ఉంటుంది, ఆ కష్టం వచ్చినప్పుడు చూసుకోవచ్చు.

నా సంగతి కొంచెం చెబితే గానీ తరువాతి మాట అర్థం కాదు. నాది చరిత్ర. వరంగల్ ఆజంజాహీ మిల్లు కార్మికుల మీద పనిచేశాను. 1934లో నిజాం కాలంలో పెట్టిన మిల్లు అది, 2002లో మూతపడింది. మొదటిసారి ఒక సంస్థకు ప్రపోజల్ పెట్టినప్పుడు నా శీర్షిక కూడా మీదానిలాగే ‘ఒక అధ్యయనం’తో ముగిసింది. 22 పేజీలు రాశాను. నిజాం వంశ చరిత్రకే ఆరు పేజీలు పోయాయి. రెండు లైన్ల జవాబుతో తిప్పి పంపారు. ఏడాది ఏడ్చాను, తిట్టుకున్నాను. చాలా ఏళ్ల తరువాత నేనే అలాంటి దరఖాస్తులు చదివే కమిటీలో కూర్చున్నప్పుడు గానీ ఆ రెండు లైన్ల న్యాయం నాకు తెలియలేదు. బల్ల మీద కట్ట ఉంటుంది, మధ్యాహ్నం భోజనానికి ముందు సగమన్నా చూడాలి. ‘సామాజిక ఆర్థిక స్థితిగతులు: ఒక అధ్యయనం’ అన్న శీర్షిక ఆ కట్టలో కనీసం పదిసార్లు కనిపిస్తుంది. ఒకటి చేనేత, ఒకటి బీడీ, ఒకటి మత్స్యకారులు, ఒకటి ఆటో డ్రైవర్లు. అన్నీ అవసరమైన అంశాలే. చదివేవాడికి అంశం నచ్చుతుంది కూడా. కానీ అక్కడ డబ్బు ఇచ్చేది అంశానికి కాదు. ఈ మనిషి, ఈ రెండేళ్లలో, ఫలానా విషయం కనుక్కుని తీసుకొస్తాడు అన్న నమ్మకానికి. ‘స్థితిగతులు’ కనుక్కోవడం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుంది? దానికి ఆఖరు లేదు. ఆఖరు లేని పనికి బడ్జెట్ ఎవరు ఇస్తారు?

మీ అంశంలోనే చూద్దాం. సిరిసిల్లలో పుట్టినవాడికి తెలిసినవి పక్కన పెట్టి, బయటివాళ్లు రాసే భాషలో మీరు శీర్షిక పెట్టారు. మీకు తెలిసినదేమిటి? బతుకమ్మ చీరల పథకం 2017లో మొదలైంది. మొదటి ఏడాది చీరల్లో చాలా భాగం సూరత్ నుంచి వచ్చాయని గొడవైంది. తరువాత ఆర్డర్లు సిరిసిల్ల సాంచాలకు, అంటే మరమగ్గాలకు మళ్లాయి, పండుగకు ముందు కొన్ని నెలలు చేతినిండా పని. 2023 తరువాత ఆ చీరలు ఆగాయి, మగ్గాలు ఆగాయి, ఆ పిమ్మట మహిళా సంఘాల చీరల ఆర్డరు వచ్చింది. అంటే ప్రభుత్వమే మీకోసం మూడు కాలాలు గీత గీసి పెట్టింది: ఆర్డరు లేని కాలం, ఉన్న కాలం, ఆగిపోయిన కాలం. ఇలాంటి అవకాశం పరిశోధకుడికి ఊరికే దొరకదు.

అలాంటప్పుడు ప్రశ్న ఇలా ఉండొచ్చు. ఆర్డర్లున్న ఏళ్లలో కార్మికుడి చేతికి అదనంగా వచ్చిన కూలీ ఎటు పోయింది? పాత అప్పుకా, పిల్లల చదువుకా, లేక నాలుగు సాంచాలు పట్టి ఆసామి (సొంతంగా సాంచాలు నడిపించే చిన్న యజమాని) కావడానికా? ఆర్డర్లు ఆగాక ఆ కొత్త ఆసాముల్లో ఎంతమంది మిగిలారు, ఎంతమంది మళ్లీ కూలీకి దిగారు, ఎంతమంది మహారాష్ట్రలోని భివండీ మరమగ్గాలకు బస్సెక్కారు? ఈ మూడు వాక్యాలు చదివితే కమిటీలో ఉన్నవాడు తలెత్తి చూస్తాడు. దీనికి జవాబు ఉంటుంది. ఆ జవాబు అవును అయినా కాదు అయినా పనికొస్తుంది. మీరు కాక ఇంకెవరు కనుక్కోగలరన్న ప్రశ్నకు కూడా జవాబు అందులోనే ఉంది.

ఈ పేజీ ముందు తెలుగులో రాయండి. నేను మొహమాటానికి చెప్పడం లేదు. మనవాళ్లు నేరుగా ఇంగ్లిషులో మొదలుపెట్టేసరికి, పాత థీసిస్‌లలో చదివిన వాక్యాలు చెయ్యి పట్టుకుని ఎటో తీసుకెళ్తాయి. మీ మేనమామ సాంచా దగ్గర నిలబడి ‘ఏంరా, ఏం చదువుతున్నవ్?’ అంటే ఏం చెబుతారో అది రాయండి. ఆయనకు అర్థమైతే కమిటీకీ అర్థమవుతుంది. తరువాత ఇంగ్లిషు చేయడం ఒక రోజు పని. ఈ మధ్య యంత్రం రాసిచ్చిన ప్రపోజల్స్ కూడా కట్టలో కనిపిస్తున్నాయి. భాష నున్నగా ఉంటుంది, ఊరు మాత్రం ఉండదు. సిరిసిల్ల తీసేసి మహారాష్ట్రలోని మరో మరమగ్గాల ఊరు ఇచల్‌కరంజి పెట్టినా ఒక్క వాక్యం మారదు. అలాంటిది రెండో పేరాలోనే తెలిసిపోతుంది.

ఇంతకుముందు ఎవరేం రాశారన్న భాగంలో నలభై పేర్లు వరుసపెట్టి ‘ఈయన ఇలా అన్నారు, ఆవిడ అలా అన్నారు’ అని రాయకండి. మీ ప్రశ్నకు దగ్గరగా వచ్చిన ఆరో ఏడో పనులు తీసుకుని, ఒక్కొక్కటీ ఎక్కడిదాకా వచ్చి ఆగిందో చెప్పండి. ఒక జాగ్రత్త. నాలుగో చేనేత గణన, అంటే 2019-20 నాటిది, అంకెల కోసం అందరూ ఎత్తుకునే పుస్తకం. అది చేనేతను లెక్కించింది, మరమగ్గాలను కాదు. సిరిసిల్ల మరమగ్గాల ప్రపోజల్‌లో ఆ అంకెలు పెట్టి కూర్చున్నవాళ్లను చూశాను. చేనేతకూ మరమగ్గానికీ తేడా తెలియనివాడు ఫీల్డుకు వెళ్లి ఏం చేస్తాడని అక్కడే కింద పెట్టేస్తారు.

మెథడాలజీ భాగంలో మనవాళ్లు ‘ప్రశ్నావళి, ఇంటర్వ్యూ, పరిశీలన పద్ధతులు ఉపయోగిస్తాను’ అని ఒక్క వాక్యంలో ముగిస్తారు. అసలు ఎక్కువ మార్కులు ఉన్నది అక్కడే. ఎవరిని, ఎంతమందిని, ఎన్నిసార్లు, ఏ నెలలో, ఎక్కడ కూర్చుని అడుగుతారు? ఉదాహరణకు 120 కుటుంబాలు అనుకోండి: 60 సాంచా నడిపే కార్మికులవి, 30 ఆసాములవి, 30 వార్పిన్ (పడుగు తయారీ), వైపని (పడుగు పోగులు అతకడం) చేసేవాళ్లవి. రోజుకు నాలుగు కుటుంబాలైతే ఒక విడతకు 30 రోజులు. రెండు విడతలు కావాలి, ఒకటి పండుగకు ముందు పని నడిచే రోజుల్లో, ఒకటి తరువాత పని తగ్గాక. అంటే 60 పనిదినాలు. ఇప్పుడు చూడండి, ‘120’ అన్న అంకె గాలిలోంచి రాలేదు. చదివేవాడికి లెక్క కనిపిస్తుంది.

వ్యక్తిని కాదు, ఇంటిని లెక్కలోకి తీసుకోండి. సిరిసిల్లలో మగాడు సాంచా మీద ఉంటే ఆడమనిషి బీడీలు చుడుతుందని మీకు నేను చెప్పాలా? మగ్గం ఆగిన నెలల్లో పొయ్యి వెలిగించింది బీడీ కూలీయే అయితే, కార్మికుణ్ని ఒక్కణ్నే అడిగి రాసిన పుస్తకం సగమే నిజం చెబుతుంది. ఇది ప్రపోజల్‌లో ఒక వాక్యం పెట్టండి, మీకూ బయటివాడికీ ఉన్న తేడా ఆ వాక్యంలో తెలుస్తుంది.

తరువాత ఇబ్బందులు. 2016లో నీ కూలీ ఎంతని ఇప్పుడు అడిగితే ఎవరికి గుర్తుంటుంది? ఉజ్జాయింపుగా ఏదో చెబుతారు. కాబట్టి కూలీ పద్దులు, సంఘాల అప్పు పుస్తకాలు, బ్యాంకు పాస్‌బుక్కులు చూస్తానని రాయండి. యజమానులు పద్దులు చూపించకపోతే? అప్పుడేం చేస్తారో అది కూడా రాయండి. ఇంటర్వ్యూకు పిలిస్తే అడిగే మొదటి ప్రశ్న ఇదే. మీటరు లెక్కన కూలీ తీసుకునేవాడితో గంట మాట్లాడితే వాడి గంట కూలీ పోతుంది. పన్నెండు గంటల పాళీ మధ్యలో వెళ్లి కూర్చోవద్దు, పాళీ మారే వేళ ఇంటి దగ్గర కలుస్తానని రాయండి. ఇలాంటి వివరం చదివినప్పుడు, ‘ఇతను అక్కడికి నిజంగా వెళ్లాడు’ అని అనిపిస్తుంది. మీరు అదే ఊరివాడు, అదే కులంవాడు కావడం బలమూ, బలహీనతా. ఆసామి మీ చిన్నాయనకు వరస అయితే అప్పు సంగతి మీకు చెప్పడు. దాన్ని దాచకండి, ఎలా ఎదుర్కొంటారో రాయండి.

బడ్జెట్ చివర్లో కూర్చుని అల్లేది కాదు, ఇప్పుడు చెప్పిన దానిలోంచే పుట్టాలి. రెండేళ్ల కంటింజెన్సీ 40,000. హైదరాబాద్ నుంచి సిరిసిల్ల దాదాపు 140 కిలోమీటర్లు, ఎన్నిసార్లు వెళ్తారో పైన రాశారు, కాబట్టి బస్సు ఖర్చు తేలిపోతుంది. బస సొంత ఇంట్లో, అక్కడ సున్నా రాయండి. సున్నా రాయడానికి చాలామంది భయపడతారు గానీ, నిజాయితీ ఉన్న సున్నా మిగతా అంకెలకు విలువ తెస్తుంది. భివండీలో 12 రోజులు, రైలు, బస, తిండి కలిపి వేరేగా చూపండి. రికార్డర్, జిరాక్సు, పుస్తకాలు. ఇంటర్వ్యూలు రాసిపెట్టడానికి మనిషిని పెట్టుకోవద్దు, మీరే చేసుకోండి, థీసిస్ సగం అక్కడే తయారవుతుంది. ‘ఇతర ఖర్చులు: 15,000’ అన్న గడి కనిపిస్తే నేనయితే పెన్ను తీసేదాన్ని.

కాగితాల సంగతి. దరఖాస్తు ఆన్‌లైన్‌దే అయినా గైడ్ సంతకం, హెడ్ సంతకం, రిజిస్ట్రార్ ఫార్వర్డింగ్ లేకుండా అది నడవదు. చివరి తేదీకి రెండు రోజుల ముందు వెళ్తే రిజిస్ట్రార్ ఢిల్లీలో ఉంటారు. ఇది చట్టం లాంటిది, మార్పు లేదు. కనీసం రెండు వారాల ముందు ఇవ్వండి. టపాల్ సెక్షన్‌లో ఇచ్చి ఇన్‌వర్డ్ నంబరు రాయించుకోండి, ఆ నంబరు లేకపోతే మీ కాగితం ఆ బిల్డింగులో పుట్టనట్టే. పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్ ఉత్తర్వు, ఫుల్‌టైమ్ అని స్పష్టంగా రాసిన బోనఫైడ్, అడ్మిషన్ నాటి శీర్షికా ప్రపోజల్ శీర్షికా ఒకటేనన్న గైడ్ ఉత్తరం దగ్గర పెట్టుకోండి. నేను చెప్పినట్టు మీరు శీర్షిక మారిస్తే ముందు రీసెర్చ్ అడ్వైజరీ కమిటీలో పెట్టి మార్పించుకోవాలి. చేరి ఎనిమిది నెలలే కాబట్టి ఇప్పుడైతే తేలిక. గెస్ట్ లెక్చరర్ పని ఏదైనా ఇంకా చేస్తుంటే, ఫెలోషిప్ షరతుల్లో దాని గురించి ఏముందో చూసి నిర్ణయించుకోండి. రెండు చోట్లా సంతకం పెట్టి తరువాత రికవరీ నోటీసు అందుకున్నవాళ్లున్నారు.

గైడ్ గారి ఉత్తరం గురించి ఒక మాట. ‘అభ్యర్థి క్రమశిక్షణ గలవాడు, కష్టపడేవాడు’ అన్న ఉత్తరం ఎవరికీ ఉపయోగపడదు. సార్ బిజీగా ఉంటారు, ‘నువ్వే రాసి తీసుకురా, సంతకం పెడతా’ అంటారు. సరే, రాసుకెళ్లండి. కానీ మీ గురించి కాకుండా పని గురించి రాయండి: ఈ స్కాలర్ ఇప్పటికే పది కుటుంబాలతో పైలట్ సర్వే చేశాడు, అందులో ఫలానాది తేలింది అని. ఆ పది కుటుంబాల పని ఈ నెలలోనే చెయ్యండి, ఊళ్లోనే కదా.

డబ్బు మంజూరయ్యాక కూడా పని అయిపోదు. ఇది ఎవరూ ముందు చెప్పరు. నేను చదివిన చోట నా జాయినింగ్ రిపోర్టు ఒక ఫైలు అడుగున పదకొండు నెలలు ఉండిపోయింది. అడిగిన ప్రతిసారీ ‘పంపించాం’ అన్నారు. చివరికి ఒక అటెండర్ పుణ్యమా అని దొరికింది. అన్ని నెలలూ మెస్ బకాయి పెరిగింది, అన్నయ్య దగ్గర చెయ్యి చాచాను. జేఆర్‌ఎఫ్ అయితే విశ్వవిద్యాలయం ప్రతి నెలా ఆన్‌లైన్‌లో ధ్రువీకరించాలి, ఒకరు నమోదు చేయాలి, ఇంకొకరు ఆమోదించాలి. ఇద్దరిలో ఒకరు సెలవు పెడితే ఆ నెల మీకు రాదు. బ్యాంకు ఖాతాకు ఆధార్ అనుసంధానం సరిగా లేకపోతే అసలే రాదు. రెండేళ్ల తరువాత ఎస్‌ఆర్‌ఎఫ్‌కు మార్చడానికి కమిటీ కూర్చోవాలి, అందులో బయటి నిపుణుడు ఉండాలి, ఆ తేదీని మీరే గుర్తుపెట్టుకుని మూడు నెలల ముందు కదిలించాలి. ఐసీఎస్‌ఎస్‌ఆర్ లాంటి చోట్ల వాయిదాల్లో ఇస్తారు. ప్రగతి నివేదిక, ఖర్చు ధ్రువపత్రం వెళ్తే గానీ తరువాతి వాయిదా రాదు, చివరిది పని అప్పగించాకే. బిల్లులన్నీ ఒక కవర్లో, తేదీ వరుసలో పెట్టుకోండి. బస్సు టికెట్ల అచ్చు ఏడాదిలో మాసిపోతుంది, వచ్చిన రోజే జిరాక్సు తీయండి.

అందుకే ఏ ఫెలోషిప్ అయినా మొదటి ఆరు నెలల డబ్బు చేతికి రాదన్న లెక్కతోనే ఇల్లు నడుపుకోండి. మీకు పెళ్లయింది, హాస్టల్లో ఉన్న నాలాంటిదాని కన్నా మీకు కష్టం ఎక్కువ. ఈ మాట ఇంట్లో ఇప్పుడే చెప్పి ఉంచండి.

పెద్ద ఫెలోషిప్ వచ్చేలోపు చిన్న డబ్బు కూడా ఉంది, దాన్ని మనవాళ్లు చిన్నచూపు చూస్తారు. ఐసీఎస్‌ఎస్‌ఆర్ దక్షిణ ప్రాంతీయ కేంద్రం ఉస్మానియా క్యాంపస్‌లోనే ఉంది. ఒక రోజు నేరుగా వెళ్లి, స్కాలర్లకు డేటా సేకరణకో, లైబ్రరీ సందర్శనకో ప్రస్తుతం ఏమిస్తున్నారో కనుక్కోండి. వెబ్‌సైట్ చూసి ‘ఏమీ లేదు’ అనుకోవద్దు. చరిత్ర వాళ్లకైతే ఐసీహెచ్‌ఆర్ (భారత చరిత్ర పరిశోధనా మండలి) ఆర్కైవ్స్‌కు తిరగడానికి స్టడీ-కమ్-ట్రావెల్ గ్రాంట్ ఇస్తుంది. నేను తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌లో, ఢిల్లీ నేషనల్ ఆర్కైవ్స్‌లో కాగితాలు తిరగేసింది అలాంటి చిల్లర డబ్బుతోనే. ఒక చిన్న గ్రాంటు తీసుకుని లెక్క సరిగ్గా అప్పగించారంటే తరువాతి దరఖాస్తులో అది రాసుకోవచ్చు. డబ్బిచ్చేవాడికి మీరు కొత్తముఖం కాదు.

విదేశీ సంగతి మీరు అడగలేదు గానీ చెబుతున్నాను. ఫుల్‌బ్రైట్-నెహ్రూ డాక్టోరల్ రీసెర్చ్ ఫెలోషిప్ ఆరు నుంచి తొమ్మిది నెలలు అమెరికాలోని విశ్వవిద్యాలయంలో పనిచేయడానికి ఇస్తారు. దానికి మన దేశంలో పీహెచ్‌డీ రిజిస్టరై కనీసం ఏడాది కావాలి. దాన్ని నడిపే యుఎస్‌ఐఈఎఫ్‌కు (యునైటెడ్ స్టేట్స్-ఇండియా ఎడ్యుకేషనల్ ఫౌండేషన్) హైదరాబాద్‌లో కూడా ఆఫీసుంది. మీకు ఇంకా సమయం ఉంది. ఫీల్డ్‌వర్క్ ఒక విడత అయ్యాక, చేతిలో చెప్పడానికి ఏదైనా ఉన్నప్పుడు చూడండి. ఇప్పుడే పెడితే మళ్లీ ‘ఒక అధ్యయనం’ రాస్తారు.

ఒకవేళ ఐసీఎస్‌ఎస్‌ఆర్ తిప్పి పంపితే అదే కాగితాన్ని తేదీ మార్చి మళ్లీ పంపకండి. కారణం చెప్పరు, చెప్పినా రెండు లైన్లే. మీ సబ్జెక్టు కాని స్నేహితుడికి, ఎకనామిక్స్ వాడికో, తెలుగు ఎంఏ వాడికో ఇచ్చి, ‘నేను ఏం కనుక్కోబోతున్నానో ఒక్క వాక్యంలో చెప్పు’ అనండి. వాడు తడబడ్డ చోటే మీ ప్రపోజల్ పడిపోయింది. రెండోసారి నాకు వచ్చింది అలా సరిచేసుకున్నాకే. 22 పేజీలు తొమ్మిదయ్యాయి, నిజాం వంశం మూడు వాక్యాలకు వచ్చింది.

ఈ సోమవారం తహసీల్దార్ ఆఫీసు పని పెట్టుకోండి. మీ-సేవలో కేంద్ర నమూనా ఓబీసీ సర్టిఫికెట్ అని స్పష్టంగా చెప్పండి. లేకపోతే అలవాటుగా మళ్లీ రాష్ట్ర బీసీదే చేతిలో పెడతారు. రసీదు తీసుకుని, అదే బస్సులో ఊళ్లోకి వెళ్లి ఆ పది ఇళ్లలో మొదటి ఇంటి తలుపు తట్టండి.